ప్రజల నిధి, ఆయుధాల వాటా

2025 నవంబరు 4న నార్వే పార్లమెంటులో ఓటింగు జరిగింది. దేశపు చమురు నిధి ఏయే కంపెనీల్లో వాటాలు ఉంచుకోకూడదో తేల్చే నైతిక నిబంధనల అమలును, కొత్త నిబంధనలు తయారయ్యేదాకా ఆపి ఉంచాలని తీర్మానించారు. అంతకుముందు తీసేసిన కంపెనీలు తీసేసినట్టే ఉంటాయి, కొత్తగా ఎవరినీ తీయరు. ఓస్లో బయట పెద్దగా ఎవరికీ పట్టని వార్త ఇది. కానీ ప్రజాధనానికి, ఆయుధాల వ్యాపారానికి మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు ఇరవై ఏళ్ళుగా ప్రపంచంలో చాలా నిధులు ముందుగా చూసింది నార్వే వైపే. అక్కడే ఆ గీత ఎందుకు నిలవలేదో తెలుసుకోకుండా ఈ ప్రశ్న గురించి ఎక్కడా మాట్లాడలేం.

నార్వే జనాభా 56 లక్షలు, సుమారుగా హైదరాబాదు జనాభాలో సగం. 1969లో ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్ దగ్గర చమురు బయటపడింది. ఆ డబ్బంతా ఒక్క తరమే తినేయకూడదని 1990లో చట్టం చేశారు. 1996లో మొదటి జమ పడింది, దాదాపు 200 కోట్ల క్రోనర్లు. ఇప్పుడు ఆ నిధి విలువ 20 లక్షల కోట్ల క్రోనర్ల స్థాయిలో ఉంది. తలా పంచితే ఒక్కొక్కరికి మన లెక్కలో సుమారు మూడు కోట్ల రూపాయలు. ప్రపంచంలో స్టాక్ మార్కెట్లకెక్కిన షేర్లన్నిటిలో దాదాపు ఒకటిన్నర శాతం దీని చేతిలో ఉంది, వేలాది కంపెనీల్లో. దేశ ఆర్థిక వ్యవస్థ మీద ఒత్తిడి పడకూడదని స్వదేశీ కంపెనీల్లో మాత్రం పెట్టదు.

ఇన్ని కంపెనీల్లో వాటా ఉంటే అందులో మందుపాతరలు చేసేవాళ్ళూ ఉంటారు. ఆ సంగతి నార్వే ప్రజలకు ఇబ్బందికరంగా తోచింది. ఎందుకంటే 1997 నాటి మందుపాతరల నిషేధ ఒప్పందం కోసం గట్టిగా పాటుపడ్డ దేశాల్లో అదొకటి. ఒక చేత్తో నిషేధ పత్రం మీద సంతకం పెట్టి, ఇంకో చేత్తో అవే తయారుచేసే కంపెనీ లాభంలో భాగం తీసుకోవడం ఎలా? 2002లో సింగపూర్ టెక్నాలజీస్ ఇంజనీరింగ్ వాటాలను నిధి అమ్మేసింది. ఆ మరుసటి ఏడాది న్యాయశాస్త్ర ఆచార్యుడు హన్స్ పెట్టర్ గ్రావర్ నాయకత్వంలోని కమిటీ నివేదిక ఇచ్చింది. 2004లో నిబంధనలు, వాటితో పాటే అయిదుగురు సభ్యుల నైతిక మండలి వచ్చాయి.

గ్రావర్ కమిటీ చేసిన ముఖ్యమైన పని ఒకటుంది. ప్రపంచాన్ని బాగుచేయడం నిధి పని అని అది చెప్పలేదు. నిధికి రెండు బాధ్యతలున్నాయంది: రేపటి తరాలకు మంచి రాబడి ఇవ్వడం, ఘోరమైన తప్పుల్లో పాలుపంచుకోకుండా ఉండటం. రెండోది చిన్న మాటలా కనిపించినా బరువైనది. వాటాదారు అంటే కంపెనీలో ఎంతో కొంతకు యజమాని. తన సొత్తుతో జరిగే పనికి యజమాని జవాబు చెప్పాలి. అమ్మితే కంపెనీ మారుతుందా, మారదా అన్నది దీని తర్వాత వచ్చే ప్రశ్న. ఈ తేడా మరిచిపోయి సాగే వాదనలు రెండు పక్షాల్లోనూ ఉన్నాయి.

మొదటి దశలో మండలి పట్టుకున్నది ఆయుధపు రకాన్ని. మామూలుగా వాడినా సరే సైనికుడికీ పసిపిల్లకీ తేడా చూడని ఆయుధాలు, అవసరానికి మించిన బాధ కలిగించే ఆయుధాలు: రసాయన, జీవాయుధాలు, అణ్వాయుధాలు, మందుపాతరలు, క్లస్టర్ బాంబులు, కళ్ళు పోగొట్టే లేజర్లు. వీటిలోని ముఖ్యమైన భాగాలు తయారుచేసే కంపెనీ ఏదైనా సరే, బయటికి. 2005లో క్లస్టర్ బాంబుల పేరుతో లాక్‌హీడ్ మార్టిన్, రేథియాన్, జనరల్ డైనమిక్స్ వంటి దిగ్గజాలు వెళ్ళాయి. 2006 మొదట్లో అణ్వాయుధాల పేరుతో బోయింగ్, నార్త్రాప్ గ్రమ్మన్, బీఏఈ సిస్టమ్స్ వెళ్ళాయి. ఇక్కడ తేదీలు చూడాలి. క్లస్టర్ బాంబుల నిషేధ ఒప్పందం మీద ఓస్లోలో సంతకాలు జరిగింది 2008 డిసెంబరులో. నిధి వాటాలు అమ్మేసింది దానికి మూడేళ్ళ ముందు. చట్టం కోసం ఎదురుచూడకుండా నిధే ముందు నడిచింది. తర్వాత బెల్జియం ఏకంగా చట్టమే చేసింది, క్లస్టర్ బాంబుల కంపెనీల్లో పెట్టుబడి నేరమని. ఐర్లండ్, న్యూజీలాండ్, నెదర్లాండ్స్ తమ తమ పద్ధతుల్లో అదే దారి పట్టాయి. నెదర్లాండ్స్ ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి ఏబీపీ 2018లో అణ్వాయుధాల కంపెనీలను వదులుకుంటామని ప్రకటించింది.

మండలి పనితీరు దగ్గరగా చూస్తే దాని విలువ ఎక్కడుందో తెలుస్తుంది. ఒక కంపెనీ మీద అనుమానం వస్తే మండలి సిబ్బంది ఐక్యరాజ్యసమితి నివేదికలు, పత్రికా పరిశోధనలు, కంపెనీ సొంత పత్రాలు తెప్పించి చదువుతారు. కంపెనీకి ఉత్తరం రాసి ప్రశ్నలడుగుతారు. సిఫారసు ముసాయిదా కూడా కంపెనీకి పంపి జవాబు చెప్పుకొనే అవకాశం ఇస్తారు. ఆ తర్వాతే సిఫారసు. 2015కు ముందు తుది మాట ఆర్థిక శాఖది, ఆ తర్వాత నిధిని నిర్వహించే కేంద్ర బ్యాంకు పాలక మండలిది. నిర్ణయం అయ్యాక బ్యాంకు ముందు చప్పుడు లేకుండా షేర్లన్నీ అమ్ముకుంటుంది, అటుపైన కంపెనీ పేరు, కారణాలు కలిపి ప్రకటిస్తుంది. ఆ సిఫారసు పత్రాలు ఎవరైనా చదువుకోవచ్చు. నా దృష్టిలో వాటాల అమ్మకం కన్నా ఆ పత్రాలే గొప్పవి. ఏ తప్పుకు, ఏ ఆధారంతో, ఏ వాదనతో ఒక కంపెనీని వద్దనుకున్నారో ఇంత విడమరచి చెప్పే ప్రభుత్వ సంస్థలు లోకంలో చాలా తక్కువ.

అమ్మితే ఏమవుతుంది? నిజాయితీగా చెప్పాలంటే, వెంటనే ఏమీ కాదు. నిధి అమ్మిన షేరును ఇంకొకరు కొంటారు. కంపెనీ ఖాతాలో ఒక్క రూపాయి తగ్గదు. బాంబుల తయారీ ఆగదు. కానీ పెద్ద నిధులు ఒకదాని తర్వాత ఒకటి అదే పని చేస్తే, కంపెనీ యాజమాన్యానికి ఆ సరుకు ఒక బరువవుతుంది. 2015లో సింగపూర్ కంపెనీ తాను మందుపాతరలు, క్లస్టర్ బాంబులు తయారుచేయనని ప్రకటించింది. 2016లో అమెరికాలోని టెక్స్‌ట్రాన్ క్లస్టర్ బాంబుల తయారీ మానుకుంది. మన వైమానిక దళం కూడా కొన్న రకం అది. టెక్స్‌ట్రాన్ మానుకోవడానికి మదుపరుల విముఖత ఒక్కటే కారణం అనలేం. అంతకు కొద్ది నెలల ముందే సౌదీ అరేబియాకు ఆ బాంబుల సరఫరాను అమెరికా ప్రభుత్వం నిలిపింది, ఎగుమతి అనుమతులు కష్టమయ్యాయి. ప్రభుత్వం, మార్కెట్, ప్రజాభిప్రాయం మూడూ ఒకేవైపు నెట్టినప్పుడు ఆ చిన్న సరుకు లాభానికి ఆ తలనొప్పి దండగ అనిపించింది. అణ్వాయుధాల విషయంలో అలాంటి ఫలితం కనబడదు. అక్కడ కొనేవాడు రాజ్యమే, కట్టలు విప్పి ఇచ్చేదీ రాజ్యమే. లాక్‌హీడ్‌కు ఓస్లోలో వాటాదారు ఉన్నా లేకున్నా ఒకటే.

నష్టం మాటేమిటి? నిధి తన లెక్కలను దాచలేదు. పొగాకు, ఆయుధాల వంటి సరుకును బట్టి తీసేసిన కంపెనీల వల్ల ఏళ్ళ తరబడి రాబడి కొంత తగ్గింది. ప్రవర్తనను బట్టి, అంటే అవినీతి, పర్యావరణ విధ్వంసం, మానవ హక్కుల ఉల్లంఘన లాంటివాటికి తీసేసిన కంపెనీల వల్ల కొంత కలిసొచ్చింది. రెండూ నిధి పరిమాణం ముందు చిన్నవే.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దండయాత్ర మొదలయ్యాక గాలి మారింది. స్వీడన్‌లోని ఎస్‌ఈబీ బ్యాంకు రక్షణ కంపెనీల్లో పెట్టుబడి మీద ఏడాది ముందే పెట్టుకున్న ఆంక్షను కొద్ది వారాల్లో సడలించింది. పొరుగు దేశం మీద బాంబులు పడుతుంటే ఆయుధాలు చేయడం పాపమా అని అడిగిన యూరప్ జనం తప్పేమీ అడగలేదు. 2024లో ప్రపంచ సైనిక వ్యయం 2 లక్షల 71 వేల కోట్ల డాలర్లు దాటిందని స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ లెక్కగట్టింది, ఒక్క ఏడాదిలో 9.4 శాతం పెరుగుదల. 2025లో లిథువేనియా క్లస్టర్ బాంబుల ఒప్పందం నుంచే బయటికి వచ్చింది. రష్యాకు పొరుగునున్న దేశాలు అయిదు మందుపాతరల ఒప్పందాన్ని వదులుకునే ప్రక్రియ మొదలుపెట్టాయి. ఒకప్పుడు నిధులకు ఆనుకునే గోడలా నిలిచిన ఒప్పందాలే కదలడం మొదలుపెట్టాయి.

నార్వేలోనే మరో ఇరకాటం బయటపడింది. దేశం 52 ఎఫ్-35 యుద్ధ విమానాలు కొన్నది లాక్‌హీడ్ మార్టిన్ దగ్గర. 2025 ఆగస్టు చివర్లో యుద్ధనౌకలకు ఎంచుకున్నది బీఏఈ సిస్టమ్స్ నమూనాను. రెండూ నిధి వద్దనుకున్న కంపెనీలు. దీనికితోడు కాంగ్స్‌బర్గ్ అనే క్షిపణుల కంపెనీలో సగానికి పైగా, నామో అనే మందుగుండు కంపెనీలో సగం వాటా నార్వే ప్రభుత్వానిదే. వాళ్ళ దగ్గర కొంటూ వాళ్ళ షేరు ముట్టననడం కపటం కాదా అని చాలామంది అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. ఈ వాదన నాకు సబబుగా అనిపించదు. తన గడ్డ కాచుకోవడానికి విమానం కొన్నప్పుడు, దాన్ని ఎప్పుడు ఎగరేయాలో, దేని మీద గురిపెట్టాలో తేల్చేది నార్వే పార్లమెంటు, నార్వే చట్టం. షేరు కొన్నప్పుడు ఆ కంపెనీ ఎవరికి ఏమి అమ్మినా లాభంలో వంతు వస్తుంది, నిర్ణయంలో వంతు రాదు. ఆయుధం కొన్నవాడు దాని వాడకానికి బాధ్యుడు. వాటా కొన్నవాడు తనకు తెలియని వందమంది కొనుగోలుదార్ల వాడకం మీద సంపాదిస్తాడు. షేర్లు కొంటే దేశ రక్షణకు తోడ్పడ్డట్టు అన్న మాట కూడా నిలబడదు. మార్కెట్లో ఇంకొకరి దగ్గర కొన్న షేరు డబ్బు ఆ ఇంకొకరికే పోతుంది, ఫిరంగి గుళ్ళ ఫ్యాక్టరీకి కాదు.

ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఏ ఆయుధం అన్నది తేలికైన ప్రశ్న, దానికి ఒక జాబితా చాలు. ఎవరి చేతికి అన్నది కష్టం. రైఫిలు, రాడారు, డ్రోను, బుల్‌డోజరు ఏదీ స్వతహాగా నిషిద్ధం కాదు. ఎవరు, ఎవరి మీద వాడుతున్నారన్నదాన్ని బట్టే మంచిచెడ్డలు. 2009లో నార్వే ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ సిస్టమ్స్‌ను తీసేసింది. ఆ కంపెనీ ఆయుధాలు చేస్తుందని కాదు, వెస్ట్ బ్యాంక్‌లో కట్టిన అడ్డుగోడకు నిఘా వ్యవస్థ సమకూర్చిందని. ఆ గోడ అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని 2004లోనే అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. అదే ఎల్బిట్ అదానీ సంస్థతో కలిసి 2018 డిసెంబరులో హైదరాబాదులో హెర్మిస్ 900 డ్రోన్ల కర్మాగారం తెరిచింది. ఇక్కడ అది పెట్టుబడి, ఉద్యోగాల వార్తగానే వచ్చి పోయింది.

2021లో నార్వే ఇంకో అడుగు వేసింది. యుద్ధ నియమాలను పదేపదే, తీవ్రంగా ఉల్లంఘించే రాజ్యానికి ఆయుధాలు అమ్మే కంపెనీ కూడా బయటికే అని నిబంధన చేర్చింది. ఆ నిబంధన కింద వేటు పడిన కంపెనీల్లో చైనా విమానాల కంపెనీ ఏవీచైనా ఒకటి, మన ప్రభుత్వరంగ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) ఇంకొకటి. 2021 ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి జనం మీద విరుచుకుపడ్డ తర్వాత కూడా మయన్మార్‌కు సరఫరా సాగించారన్నదే మండలి అభ్యంతరం.

బీఈఎల్ మనకు పరాయిది కాదు. మచిలీపట్నంలో ఒకనాటి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో బీఈఎల్‌లో కలిసింది. చీకట్లో చూసే పరికరాలు అక్కడ తయారవుతాయి. హైదరాబాదులోనూ ఆ సంస్థ యూనిట్ ఉంది. ఆ గేట్లలోంచి రోజూ లోపలికి వెళ్ళే ఉద్యోగులు దేశ సరిహద్దుల్లో కాపలా కాసే సైనికుడి కోసం పనిచేస్తున్నామని నమ్ముతారు, ఆ నమ్మకం చాలావరకు నిజం కూడా. బీఈఎల్ ఆర్డర్లలో సింహభాగం మన సైన్యానివే. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. మండలి వేలెత్తి చూపింది ఆ కష్టాన్ని కాదు, ఎగుమతి ఉత్తర్వు మీద సంతకం పెట్టిన చేతిని.

2025 వేసవిలో, ఎవరి చేతికి అన్న ఈ రెండో ప్రశ్నే నార్వేను ఊపేసింది. ఇజ్రాయెల్ యుద్ధ విమానాల ఇంజన్లకు మరమ్మతు చేసే బెత్ షెమెష్ ఇంజన్స్‌లో నిధికి 2 శాతం వాటా ఉందని, గాజా యుద్ధం నడుస్తుండగానే దాన్ని పెంచుకుందని ఓస్లో పత్రిక ఆఫ్టన్‌పోస్టెన్ బయటపెట్టింది. నిధి ఆ వాటాతో పాటు మరికొన్ని ఇజ్రాయెల్ కంపెనీలవీ గబగబా వదిలించుకుంది. ఆగస్టు 25న ఇంకా పెద్ద నిర్ణయం వచ్చింది. అయిదు ఇజ్రాయెల్ బ్యాంకులతో పాటు అమెరికా యంత్రాల కంపెనీ క్యాటర్‌పిల్లర్‌ను కూడా తీసేశారు. పాలస్తీనీయుల ఆస్తులను చట్టవిరుద్ధంగా కూల్చడంలో దాని బుల్‌డోజర్లు విస్తారంగా వాడుతున్నారన్నది కారణం. ఆ ఒక్క కంపెనీలోనే నిధి వాటా విలువ 210 కోట్ల డాలర్లు. అమెరికా విదేశాంగ శాఖ బాహాటంగా ఆందోళన వెలిబుచ్చింది.

క్యాటర్‌పిల్లర్ దాకా వచ్చిన తర్కం అక్కడ ఆగదు. ఇజ్రాయెల్ ప్రభుత్వానికి కంప్యూటింగ్ సేవలిస్తున్న అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ వరసలో ముందున్నాయి. అవి నిధి రాబడిని మోసే స్తంభాలు. వాటిని అమ్మితే మార్కెట్ మొత్తాన్ని పోలి ఉండాలన్న నిధి స్వభావమే పోతుందని ఆర్థిక మంత్రి యెన్స్ స్టోల్టెన్‌బర్గ్ హెచ్చరించారు. వామపక్ష పార్టీలు ససేమిరా అన్నా మెజారిటీ ఆయన వెంట నడిచింది. నవంబరు 4 ఓటింగు వెనుక కథ అది.

స్టోల్టెన్‌బర్గ్ వాదనలో బలం లేదనను. పింఛనుకు ఆధారమైన నిధి సగం మార్కెట్‌ను వెలివేసి బతకలేదు. సేవలన్నిటినీ నేరంలో భాగమనుకుంటే కరెంటు ఇచ్చే కంపెనీ కూడా మిగలదు. కాబట్టి ఎంత దగ్గరి సంబంధం ఉంటే పాలుపంచుకున్నట్టో కొలత రాసుకోవడం సరైన పనే. కానీ ఆ కొలత రాసుకునే లోపల మండలి నోరు మూయించడం తప్పు. బ్యాంకు నిర్ణయాన్ని వాయిదా వేసుకోవచ్చు, మండలి పరిశీలన, బహిరంగ సిఫారసు సాగనివ్వవచ్చు. చిన్న కంపెనీలు, పేద దేశాల కంపెనీలు తప్పు చేసినప్పుడు పనిచేసిన నియమం, అన్నిటికన్నా పెద్ద కంపెనీల గడప తొక్కబోయే రోజున ఆగిపోతే మయన్మార్ విషయంలో బీఈఎల్‌కు చెప్పిన కారణాల బరువు కూడా తగ్గిపోతుంది. కొత్త నిబంధనల కోసం వేసిన సమీక్షా కమిటీ నివేదిక 2026 అక్టోబరుకల్లా రావాలి. అందులో చూడాల్సింది ఆయుధాల జాబితా పొడవు కాదు, ఎవరికి అమ్మారన్న నిబంధన మిగిలిందా, మిగిలితే మండలి స్వతంత్రంగానే ఉందా అన్నది.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా పుట్టనే లేదు. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే జమలో కొంత భాగాన్ని ఈటీఎఫ్‌ల ద్వారా షేర్లలో పెడుతోంది. 5 శాతంతో మొదలై 15కు పెరిగింది. అందులో నిఫ్టీ, సెన్సెక్స్ ఈటీఎఫ్‌లతో పాటు ప్రభుత్వరంగ సంస్థల ఈటీఎఫ్, భారత్ 22 ఈటీఎఫ్ ఉన్నాయి. చివరి రెండింటిలోనూ బీఈఎల్ ఉంది. 2024 సెప్టెంబరులో అది నిఫ్టీ 50లోకి, మరుసటి ఏడాది సెన్సెక్స్‌లోకి చేరింది. అంటే సనత్‌నగర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఫిట్టరు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ రాసే అమ్మాయి, విశాఖ ఆస్పత్రిలో నర్సు, ఎవరి జీతంలోంచి పీఎఫ్ కోత పడుతున్నా, ఎంత కొద్దిగానైనా వాళ్ళు ఆ కంపెనీలో వాటాదారులే. పెట్టుబడి నమూనా నియమాలు భద్రత, రాబడి చూస్తాయి. అమ్మకం ఎవరికన్నది చూడవు.

నార్వే జాబితాను ఎత్తి మన మీద పెట్టడం కుదరదు. మందుపాతరల ఒప్పందంలో గానీ క్లస్టర్ బాంబుల ఒప్పందంలో గానీ భారత్ చేరలేదు. మనది అణ్వాయుధ దేశం. రెండు వైపులా సరిహద్దు తగాదాలున్న దేశంలో పీఎఫ్ డబ్బు బీఈఎల్ నుంచి వెనక్కి తీయాలని నేను అడగను. కానీ 2024-25లో మన రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలకు చేరాయి. 2029 నాటికి 50,000 కోట్లు లక్ష్యం. మొత్తం విలువ ఏటా ఘనంగా ప్రకటిస్తారు. ఏ దేశానికి ఏ పరికరం వెళ్ళిందో మాత్రం వ్యూహాత్మక కారణాలు చెప్పి బయటపెట్టరు. కొనుగోలుదారు దేశం ఆ పరికరాన్ని సొంత జనం మీదికి తిప్పితే ఆ సంగతి మనకు విదేశీ నిధి సిఫారసు పత్రం చదివితే తప్ప తెలియని పరిస్థితి.

పీఎఫ్ కేంద్ర ధర్మకర్తల మండలిలో కార్మిక సంఘాల ప్రతినిధులున్నారు. వడ్డీ రేటు అర శాతం తగ్గిస్తామంటే వాళ్ళు గట్టిగా కొట్లాడతారు, కొట్లాడాలి కూడా. అదే బల్ల దగ్గర ఇంకొక్క మాట అడిగే అధికారం వాళ్ళకుంది: మన సభ్యుల డబ్బు ఉన్న రక్షణ కంపెనీలు గత ఏడాది ఏయే దేశాలకు సరుకు పంపాయో, ఆ దేశాల మీద ఐక్యరాజ్యసమితి నివేదికలు ఏమంటున్నాయో మా ముందు పెట్టండి అని. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క షేరూ అమ్మనక్కర్లేదు. వచ్చే సమావేశపు ఎజెండాలో ఒక అంశంగా చేరిస్తే చాలు.